కథలో కరివేపాకులు

బదిలీ ఉత్తర్వు అందుకుని కొత్త బడికి వెళ్లినప్పుడల్లా మాకు చాలా సంగతులు కొత్తగా ఉంటాయి. పిల్లల ఇంటి భాష కొత్త, మెస్‌లో కూర రుచి కొత్త, ఊరి ఎండా చలీ కొత్త. పరిచయంగా కనిపించేది ఒకటుంది. ఏ రాష్ట్రంలో ఏ బడికి వెళ్లినా, మధ్యాహ్న విరామంలో ఏదో ఒక మూల ఇద్దరు ముగ్గురు పిల్లలు హ్యారీ పోటర్ గురించి గట్టిగా వాదించుకుంటూ ఉంటారు. ఒకరు ఏడు పుస్తకాలూ చదివినవారు, ఇంకొకరు ఎనిమిది సినిమాలూ చూసినవారు. "పుస్తకంలో అలా లేదు" అన్న మాటతో మొదలైన తగువు గంట కొట్టేదాకా తెగదు. మరునాడు మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది.

పెద్దలు చాలామంది ఈ తగువును కాలక్షేపం కింద కొట్టిపారేస్తారు. ఆ శ్రద్ధేదో పాఠ్యపుస్తకం మీద పెడితే ఎంత బాగుండు అంటారు. తెలుగు చెప్పే ఉపాధ్యాయులుగా మేము అలా అనుకోము. పరీక్షలో ఒక పాత్ర స్వభావం రాయమని అడిగితే గైడులోని నాలుగు వాక్యాలే నలభై జవాబు పత్రాల్లో కనిపిస్తాయి. అదే పిల్లలు విరామంలో రాన్ వీజ్లీ ధైర్యవంతుడా కాదా అని తేల్చడానికి మూడో పుస్తకంలోని సన్నివేశాన్నీ మూడో సినిమాలోని సన్నివేశాన్నీ పక్కపక్కన పెట్టి సాక్ష్యాలు చెబుతారు. మార్కులు లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా చేసే ఈ పనికి సాహిత్యంలో విమర్శ అని పేరు. కాబట్టి ఆ తగువును ఆపమని మేము చెప్పబోవడం లేదు. ఇంకొంచెం లోతుకు వెళ్లి వాదించుకోమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇన్నేళ్లుగా వింటున్న మాకు అభిమానుల ఫిర్యాదులు మూడు రకాలుగా కనిపిస్తున్నాయి. మొదటిది రూపం గురించి. పుస్తకంలో హ్యారీ కళ్లు ఆకుపచ్చన, తెరమీద నీలం. పుస్తకంలో నాలుగో కథాభాగంలో డంబుల్‌డోర్ నెమ్మదిగా అడిగిన ప్రశ్నను 2005 నాటి సినిమాలో హ్యారీని పట్టుకుని కుదిపేస్తూ అడుగుతాడు. దీని మీద అభిమానులు వేసుకునే జోకులకు లెక్కే లేదు. రెండోది కథలోని ముడి గురించి. దొంగదారులు చూపించే ఆ మాయపటాన్ని తయారు చేసిన నలుగురు ఎవరో మూడో సినిమా చెప్పదు. హ్యారీ తండ్రి దుప్పిగా మారగలిగేవాడని కూడా చెప్పదు. దాంతో హ్యారీ మంత్రదండం నుంచి దుప్పి ఆకారమే ఎందుకు బయటికి వచ్చిందో సినిమా మాత్రమే చూసినవారికి తెలియదు. మూడోది మనుషుల గురించి. పుస్తకంలో ఉన్న ఫలానావాడు సినిమాలో ఏమైపోయాడు అన్న ప్రశ్న అది. మా దృష్టిలో ఈ మూడో ప్రశ్నే అన్నిటికంటే పెద్దది. పిల్లలు దాన్ని తరచుగా అడుగుతారు గాని, దాని వెంట చివరిదాకా వెళ్లరు.

ముందుగా ఒక న్యాయమైన మాట చెప్పుకోవాలి. పుస్తకాన్ని తెరకెక్కించేవాడు ఎంతో కొంత వదిలిపెట్టక తప్పదు. ఇంగ్లండులో అచ్చయిన మొదటి పుస్తకం 223 పుటలు. 2001లో వచ్చిన దాని సినిమా 152 నిమిషాలు. అయిదో పుస్తకం 766 పుటలు. 2007లో వచ్చిన దాని సినిమా 138 నిమిషాలు. పుస్తకం మూడింతలకు పైగా పెరిగితే సినిమా పావుగంట తగ్గింది. ఈ లెక్క చూశాక "అన్నీ ఎందుకు పెట్టలేదు" అని అడగడంలో అర్థం లేదు. మన కవులు మాత్రం అన్నీ పెట్టారా? సంస్కృత భారతాన్ని తెలుగు చేసిన కవిత్రయం ఉన్నదున్నట్లు దించలేదు. తిక్కన భగవద్గీతను కొద్ది పద్యాల్లోనే ముగించి యుద్ధకథలోకి వెళ్లిపోయాడు. అంతమాత్రాన ఆయన భారతానికి ద్రోహం చేశాడని ఎవరూ అనరు. కుదించడం తప్పు కాదు. కుదించేటప్పుడు ఎవరిని తీసేస్తున్నామన్నదే చూడవలసిన సంగతి.

కూరలో వాసన కోసం కరివేపాకు వేస్తాం. తినేటప్పుడు మొదట ఏరి పక్కన పెట్టేది దాన్నే. పెద్ద కథను చిన్న తెరకు సర్దేటప్పుడు కొన్ని పాత్రలకు ఇదే గతి పడుతోంది. హ్యారీ పోటర్ సినిమాల్లో ఏరివేతకు గురైనవారిని వరసగా రాసుకుంటే ఒక పోలిక కళ్లకు కడుతుంది.

మొదట ఇంటి ఎల్ఫ్‌ల సంగతి చూద్దాం. మాంత్రికుల ఇళ్లలో జీతం లేకుండా, సెలవు లేకుండా, పాత గుడ్డపీలిక చుట్టుకుని చాకిరీ చేసే చిన్న ప్రాణులు వీళ్లు. నాలుగో పుస్తకంలో వింకీ అనే ఎల్ఫ్‌ను యజమాని అందరి ముందు అవమానించి వెళ్లగొడతాడు. హాగ్వార్ట్స్‌లో విందు భోజనం బల్లల మీద దానంతట అదే ప్రత్యక్షం కాదనీ, కింద వంటింట్లో ఎల్ఫ్‌లు వండితే వస్తుందనీ తెలిసిన రోజున హెర్మియోనీకి ముద్ద దిగదు. వాళ్ల హక్కుల కోసం ఒక సంఘం పెట్టి, బ్యాడ్జీలు చేసి, తోటి విద్యార్థుల వెంటపడుతుంది. అందరూ నవ్వుతారు. రాన్ కూడా నవ్వుతాడు. సినిమాల్లో వింకీ లేదు. ఆ సంఘం లేదు. డాబీ అనే ఎల్ఫ్ రెండో సినిమాలో కనిపించి, మళ్లీ ఏడో పుస్తకపు మొదటి భాగంగా 2010లో వచ్చిన సినిమాలోనే కనిపిస్తాడు. పుస్తకాల్లో ఈ మధ్యకాలంలోనూ అతను హ్యారీకి తోడుగా కనిపిస్తాడు. నాలుగో పుస్తకంలో సరస్సు కింద ఊపిరాడే మొక్కను తెచ్చి ఇచ్చేది డాబీయే. సినిమాలో ఆ పని నెవిల్‌కు అప్పగించారు.

క్రీచర్ అనే ఇంకో ఎల్ఫ్ కథ మరీ విచిత్రం. అయిదో సినిమాకు రాసుకున్న తొలి ప్రతిలో అతను లేడు. అప్పటికి చివరి పుస్తకం ఇంకా పాఠకుల చేతికి రాలేదు. ముందు ముందు క్రీచర్‌తో పని పడుతుందని రచయిత్రి జె.కె. రోలింగ్ హెచ్చరించడంతో అతన్ని ఉంచారు. ఉంచారు గాని, ఏడో పుస్తకంలో అతను చెప్పుకునే కథ తెరమీదికి రాలేదు. వోల్డెమార్ట్ తన విషాన్ని పరీక్షించడానికి క్రీచర్ చేత తాగించి, చచ్చినా పట్టదన్నట్లు గుహలో వదిలేసి పోతాడు. అంతటి మాంత్రికుడికి ఒక నౌకరు ప్రాణం లెక్కలోకి రాలేదు. చివరికి అతని పతనానికి దారి తెరుచుకున్నది ఆ లెక్కలోకి రాని చోటనే. క్రీచర్‌ను అంతవరకూ అసహ్యించుకున్న హ్యారీ ఆ కథ విన్నాక మొదటిసారి మర్యాదగా మాట్లాడతాడు. ఆ ఒక్క మర్యాదకు క్రీచర్ మారిపోతాడు. కడపటి యుద్ధంలో వంటింటి ఎల్ఫ్‌లందరినీ వెంటపెట్టుకుని బయటికి వచ్చి పోరాడేదీ అతనే. సినిమాలో ఆ పోరు లేదు.

దీనితో ముడిపడిన ఇంకో చిన్న మార్పు ఉంది. పుస్తకంలో అదే యుద్ధం నడుమ రాన్‌కు హఠాత్తుగా వంటింట్లో ఉన్న ఎల్ఫ్‌లు గుర్తుకొస్తారు. వాళ్లను బయటికి పంపేయాలి, మన కోసం చావమని వాళ్లను ఆజ్ఞాపించలేం కదా అంటాడు. మూడేళ్ల క్రితం నవ్విన కుర్రాడు ఆ మాట అన్నాడు. హెర్మియోనీ మనసులో ప్రేమ బయటపడేది ఆ మాటకే. సినిమాలో వారి ప్రేమ బయటపడుతుంది గాని, అందుకు కారణం వేరు. ఒక ప్రమాదం నుంచి ఇద్దరూ బయటపడిన సంబరంలో అది జరుగుతుంది. తెరమీద చూడటానికి అదీ బాగానే ఉంటుంది. కాని ఒక మనిషి ఇంకో మనిషిని దేనికి ప్రేమించవచ్చో పుస్తకం చెప్పిన జవాబు అందులో లేదు.

రాన్ సంగతి వచ్చింది కాబట్టి అదీ చెప్పుకుందాం. ఏడుగురు పిల్లల ఇంట్లో ఆరోవాడు. అన్నల పాత బట్టలు, అన్న వాడిన మంత్రదండం, అన్న పెంచిన ఎలుక. ఒక స్నేహితుడు లోకప్రసిద్ధుడు, ఇంకో స్నేహితురాలు తరగతిలో మొదటి స్థానం. ఇద్దరి మధ్య నిలబడి తానూ ఉన్నానని చెప్పుకోవడమే అతని కష్టం. మొదటి పుస్తకంలో పాకే తీగలు చుట్టుకున్నప్పుడు కంగారులో కట్టెలు లేవే అని హెర్మియోనీ తల్లడిల్లితే, నువ్వు మాంత్రికురాలివే కదా అని రాన్ గుర్తుచేస్తాడు. సినిమాలో ఆమె నిబ్బరంగా ఉంటుంది, అతను కేకలు పెడతాడు. మూడో పుస్తకంలో కాలు విరిగి పడి ఉన్న రాన్ లేచి నిలబడి, హ్యారీని చంపాలంటే ముందు మమ్మల్ని చంపాలి అంటాడు. సినిమాలో ఆ మాట హెర్మియోనీ నోట పెట్టారు. అన్నీ తెలిసినట్లు మాట్లాడుతుందని హెర్మియోనీని స్నేప్ తరగతిలో ఎగతాళి చేసినప్పుడు, పుస్తకంలో రాన్ గురువుకు ఎదురు మాట్లాడి శిక్ష అనుభవిస్తాడు. సినిమాలో గురువుగారు అన్నదాంట్లో నిజముంది అని ఆమెతోనే అంటాడు.

ఒక్కొక్కటిగా చూస్తే ఇవి చిన్న మార్పులే. అన్నీ కలిపితే ఒక కుర్రవాడి వ్యక్తిత్వం మారిపోయింది. సినిమాలు మాత్రమే చూసిన పిల్లల్ని అడిగితే రాన్ నవ్వించేవాడు అంటారు. పుస్తకాలు చదివినవారిని అడిగితే నిలబడేవాడు అంటారు. మేము చెప్పిన విరామపు తగువుల్లో సగం ఈ రెండు జవాబుల మధ్యనే నడుస్తాయి. ఈ మార్పులకు ఇంకో వైపు నష్టం కూడా ఉంది. రాన్ మాటలన్నీ తనకు వచ్చి చేరాక హెర్మియోనీ తప్పు చేయని, తడబడని అమ్మాయి అయిపోయింది. తెలివైన పిల్ల కూడా భయపడవచ్చు, భయంలో తెలిసినదీ మరిచిపోవచ్చు. పరీక్ష హాల్లో అలా మరిచిపోయిన పిల్లలకు పుస్తకంలోని హెర్మియోనీ ఎక్కువ దగ్గర.

నెవిల్ లాంగ్‌బాటమ్ విషయంలోనూ ఇంతే. జోస్యం చెప్పిన లక్షణాలు హ్యారీకి ఎంత సరిపోతాయో నెవిల్‌కూ అంతే సరిపోతాయని అయిదో పుస్తకం చెబుతుంది. శత్రువు ఎంచుకోవడం వల్ల హ్యారీ కథానాయకుడయ్యాడు. లేకపోతే ఆ స్థానం వెనక బెంచీలో మంత్రాలు మరిచిపోతూ కూర్చున్న నెవిల్‌దే కావచ్చు. సినిమా ఈ మాట చెప్పదు. ఆసుపత్రి సన్నివేశాన్నీ తీసేసింది. చిత్రహింసల వల్ల మతి పోయిన తల్లి కొడుకు చేతిలో ఒక చూయింగ్ గమ్ కాగితం పెడుతుంది. దాన్ని చెత్తబుట్టలో వేయమని నాయనమ్మ చెబుతుంది. నెవిల్ ఎవరూ చూడటం లేదనుకుని జేబులో దాచుకుంటాడు. ఆ వేలకొద్దీ పుటల్లో ఇంతకంటే బరువైన సన్నివేశాలు ఎన్నో లేవని మా అభిప్రాయం. కథ ముందుకు నడవడానికి దానితో పనిలేదు కాబట్టి తీసేశారు. కథ ముందుకు నడవడమే కథ కాదు కదా.

ఇది ఒక్క హ్యారీ పోటర్‌కే జరిగింది అనుకోనక్కర లేదు. టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ద రింగ్స్ 1954, 1955 సంవత్సరాల్లో వెలువడింది. పీటర్ జాక్సన్ దాన్ని 2001 నుంచి 2003 వరకు మూడు సినిమాలుగా తీశారు. మూడోదానికి 11 ఆస్కార్లు వచ్చాయి. అవి గొప్ప సినిమాలని మేమూ ఒప్పుకుంటాం. అయినా పుస్తకం చివరలోని ఒక ఘట్టం వాటిలో లేదు. లోకాన్ని కాపాడి తిరిగి వచ్చిన నలుగురు హాబిట్లకు సొంత ఊరు పాడైపోయి కనిపిస్తుంది. చెట్లు కొట్టేశారు, మిల్లులు పొగ కక్కుతున్నాయి, జనం భయంతో నోరు మూసుకున్నారు. అప్పుడు రాజులు గాని మాంత్రికులు గాని వచ్చి సాయం చేయరు. ఊరి రైతులే తిరగబడి ఊరును తిరిగి తెచ్చుకుంటారు. సినిమాలో ఊరు చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. రాజులు గెలిచిన యుద్ధం తెరమీద మిగిలింది, రైతులు గెలిచిన యుద్ధం పోయింది.

ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ కథల్లో ఏరివేత మరో రూపంలో జరిగింది. 1968లో మొదలైన ఆ వరుసలో కథానాయకుడు గెడ్ గోధుమ ఎరుపు కలిసిన చామనచాయ మనిషి. ఆ దీవుల్లో ఎక్కువమంది అలాంటివారే. అమెరికాలో 2004లో టీవీకి తీసినప్పుడు అతన్ని తెల్లవాణ్ణి చేశారు. రచయిత్రి ఊరుకోలేదు. తన పుస్తకాల్లో ఆ రంగు యాదృచ్ఛికం కాదని పత్రికాముఖంగా నిరసన తెలిపారు. మన పిల్లల్లో ఎంతమందికి తమ ఒంటి రంగున్న కథానాయకుడు మాయాజాల కథల్లో దొరుకుతున్నాడు? దొరికిన ఒకణ్ణి కూడా తెర మార్చేస్తే పోయింది ఒక్క రంగే అనుకోలేం.

సినిమా తీసేవారి పక్షాన చెప్పవలసినదీ ఉంది. ఎల్ఫ్‌ల వంటి పాత్రలను కంప్యూటర్ మీద సృష్టించాలి, దానికి ఖర్చు ఎక్కువ. రెండున్నర గంటల్లో ముప్పై పాత్రలను పరిచయం చేస్తే ప్రేక్షకుడికి ఎవరూ గుర్తుండరు. పైగా పుస్తకానికి సాధ్యం కానివి కొన్ని తెరకు సాధ్యమవుతాయి. హెర్మియోనీ తన తల్లిదండ్రుల జ్ఞాపకాల్లోంచి తనను తాను తుడిచేసుకున్న సంగతి పుస్తకంలో ఆమె మాటల్లో కొద్దిలో తెలుస్తుంది. 2010 నాటి సినిమాలో ఇంటి గోడమీది ఫొటోల్లోంచి ఆ పిల్ల రూపం ఒక్కొక్కటిగా మాయమవుతుంటే చూసినవారు మరిచిపోలేరు. అదే సినిమాలో ముగ్గురు అన్నదమ్ముల కథను నీడబొమ్మల్లా చూపించిన తీరు మనకు తోలుబొమ్మలాటను గుర్తుకు తెస్తుంది. మార్పు చేసిన ప్రతిచోటా నష్టమే జరిగిందనడం అభిమానం అవుతుంది గాని విమర్శ కాదు.

అయితే చిన్నవారిని తీసేయడం తప్పనిసరా? కాదనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 1957లో కె.వి. రెడ్డి తీసిన మాయాబజార్ భారతం మీద ఆధారపడిన సినిమా. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు, జనం నోట పెరిగిన కథ. అంటే "మూలంలో అలా లేదు" అనే అభిమానికి మొదటి అడుగులోనే ఆ సినిమా దొరికిపోవాలి. ఇంకో చిత్రం చూడండి. భారతానికి కథానాయకులైన పాండవులు అయిదుగురిలో ఒక్కరూ ఆ సినిమాలో కనిపించరు. వారికి బదులు అడవిలో ఉండే ఘటోత్కచుడు కనిపిస్తాడు. అతని ఆశ్రమంలో చిన్నమయ, లంబు, జంబు ఉంటారు. పెద్ద కథలో యుద్ధానికి పిలిచినప్పుడు వచ్చి ప్రాణం ఇచ్చి వెళ్లే కొడుకు, ఇక్కడ ఇంటిల్లిపాదికీ దిక్కయ్యాడు. మూలానికి లొంగకుండా మూలంలో మరుగున పడినవాణ్ణి ముందుకు తెచ్చిన అనుసరణ అది. అరవై ఏళ్లు దాటినా తెలుగిళ్లలో దాన్ని చూస్తున్నారు. తెరకు మనసుంటే మార్గం ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇప్పుడు అభిమానుల వైపు తప్పు కూడా చెప్పాలి. రిక్ రియోర్డన్ రాసిన పెర్సీ జాక్సన్ కథలను డిస్నీ ప్లస్ 2023 డిసెంబరు నుంచి ధారావాహికగా చూపించింది. పుస్తకంలో అనబెత్ జుట్టు బంగారు రంగు. ఆ పాత్రకు లియా జెఫ్రీస్ అనే నల్లజాతి బాలికను ఎంపిక చేసినట్లు 2022లో ప్రకటించగానే, పుస్తకం మీద ప్రేమ పేరుతో కొందరు ఆమెను నానా మాటలూ అన్నారు. ఆమె అప్పటికి చిన్నపిల్ల. చివరికి రచయితే బహిరంగంగా ఆమె పక్షాన నిలిచి వారిని మందలించవలసి వచ్చింది. అక్షరాలు అల్లుకుపోయి చదవలేక, బడి తరవాత బడి మారుతూ, ఎక్కడా ఇమడలేని పిల్లల గురించి రాసిన పుస్తకం అది. దాన్ని కంఠస్థం చేసినవారే ఒక పిల్లను నువ్వు ఇందులో ఇమడవు అన్నారు. వాళ్లకు జుట్టు రంగు గుర్తుంది, కథ గుర్తులేదు. హ్యారీ కళ్ల రంగు మీద తగువూ ఇలాంటిదే. అవి ఆకుపచ్చనివా నీలమా అన్నది అంత ముఖ్యం కాదు. తల్లి కళ్లూ కొడుకు కళ్లూ ఒకటేనని తెరమీద తెలియాలి. కథకు కావలసింది ఆ పోలిక.

ఈ చర్చ ఇప్పుడు ఎందుకంటే, హ్యారీ పోటర్ మళ్లీ తెరకెక్కుతోంది. ఏడు పుస్తకాలనూ తీరుబడిగా టీవీ ధారావాహికగా తీస్తామని, పుస్తకానికి దగ్గరగా ఉంటామని 2023లో ప్రకటించారు. అభిమానులు సంతోషిస్తున్నారు. నిడివి పెరిగితే అన్నీ వస్తాయన్న నమ్మకం వారిది. మేము అంత తొందరగా నమ్మలేము. టోల్కీన్ 1937లో రాసిన హాబిట్ ఒకే ఒక్క పుస్తకం, పెద్దది కూడా కాదు. దాన్ని 2012, 2013, 2014లలో మూడు పెద్ద సినిమాలుగా తీశారు. మిగిలిన జాగాలో పుస్తకంలో లేని పాత్రలూ పోరాటాలూ వచ్చి కూర్చున్నాయి. ఇల్లూ వేడి టీ గుర్తొచ్చి బెంగపడే చిన్న బిల్బో తన కథలోనే పక్కకు జరిగాడు. కాబట్టి గంటలు పెరగడం ఒక్కటే చాలదు. ఈసారి మాత్రం చోటు చాలలేదనే సాకు ఉండదు. వింకీ వస్తుందా, రాన్ విరిగిన కాలుతో లేచి నిలబడతాడా, నెవిల్ ఆ కాగితం జేబులో పెట్టుకుంటాడా అన్న మూడు చోట్ల చూస్తే ఆ ధారావాహిక సంగతి తేలిపోతుంది.

కల్పిత పాత్రల గురించి ఇంత ఆరాటమెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మా బళ్ల సంగతి తెలిసినవారు అలా అడగరనుకుంటాం. కేంద్ర ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ఏడాది మధ్యలో వస్తారు, ఏడాది మధ్యలో వెళ్లిపోతారు. అప్పటికే జట్లు కుదిరిపోయిన తరగతిలోకి కొత్తగా వచ్చి, భాష సరిగా రాక, చివరి బెంచీలో కూర్చున్న పిల్లవాడు ఆ తరగతి కథలో పక్కపాత్రే. అన్న యూనిఫాం వేసుకొచ్చే తమ్ముడు పక్కపాత్ర. మనం అసెంబ్లీకి చేరేలోగా తెల్లవారుజామునే మెస్‌లో పొయ్యి వెలిగించేవారిని, పేరైనా తెలియకుండా "భయ్యా", "దీదీ" అని పిలిచి పని చెప్పేస్తాం. కథలో కరివేపాకును ఏరి పారేయడం అలవాటైతే బడిలోనూ ఊళ్లోనూ అదే అలవాటు వస్తుందని మా భయం. దానికి తిరుగు కూడా నిజమే. నెవిల్ కాగితం దాచుకున్న పుట దగ్గర ఒక్క నిమిషం ఆగిన పిల్ల, చివరి బెంచీ వైపు ఒకసారి తల తిప్పి చూస్తుంది. పుస్తకాలు చదివించడానికి మాకు తెలిసిన కారణాల్లో ఇది పెద్దది.

అందుకని పిల్లలకు మేము చెప్పేది ఇది. సినిమా ముందు చూశారా, ఫరవాలేదు. కాని అక్కడితో ఆగకండి. లైబ్రరీ పీరియడ్‌లో ఆ పుస్తకం అడిగి తీసుకోండి. ఇంగ్లీషు కష్టమైతే మొదటి పుస్తకానికి తెలుగు అనువాదం ఉంది. మన ప్రాంతీయ భాషలు కొన్నింటిలోనూ దొరుకుతుంది. చదివాక నోటుపుస్తకంలో ఒక పుట తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. తెరమీదికి రానిది ఎవరు? వారి మాటలు, వారి పనులు ఎవరి ఖాతాలోకి వెళ్లాయి? వారు లేకపోవడం వల్ల కథ చెప్పే నీతి మారిందా, నిడివి మాత్రమే తగ్గిందా? మూడో ప్రశ్నకు నిడివి మాత్రమే తగ్గింది అని జవాబు వస్తే దర్శకుణ్ణి క్షమించండి. నీతి మారింది అని వస్తే అప్పుడు గట్టిగా తగువు వేసుకోండి, ఆధారాలతో వేసుకోండి. తోలుబొమ్మలాటకైనా, మీ అమ్మమ్మ చెప్పిన రామాయణానికైనా, రేపు వచ్చే ఏ ధారావాహికకైనా ఈ ప్రశ్నలే పనికొస్తాయి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. సహపాఠ్య కార్యక్రమాల్లో ఏటా జరిపే వక్తృత్వ పోటీలకు "సెల్‌ఫోన్ వరమా శాపమా" అన్న అంశం అరిగిపోయింది. ఈసారి ఒక పుస్తకం, దాని సినిమా ఎంచుకుని, సినిమాలో మాయమైన ఒక పాత్ర తరఫున మాట్లాడమని పిల్లలకు చెప్పి చూడండి. ఏ భాషలో మాట్లాడినా సరే. వింకీ తరఫున ఎవరు లేచి నిలబడతారో గమనించండి. ఆ పిల్లలో ఆ పిల్లవాడో ఇన్నాళ్లూ తరగతిలో ఎక్కడ కూర్చుంటున్నారో కూడా గమనించండి.